అక్క సూస్ చూసిన రోజు

"ఏదీ, ఇంకోసారి చెప్పు," అంది మొన్జియా.

అక్క తుర్కియా వంటింట్లో పీట మీద కూర్చుని కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే మడుస్తూ అప్పజెప్పింది. బొటనవేలు రిబాత్ కోట, దాని బురుజు పైదాకా ఎక్కాలి. చూపుడువేలు పెద్ద మసీదు. నడిమివేలు పాత ఊళ్లో బజారు. ఉంగరపువేలు షావుకార్ల కాలంనాటి ఇల్లు, దానికి టిక్కెట్టు ఉంటుంది. చిటికెనవేలు కొండ మీది కస్బా కోట, అందులో రంగురాళ్లు పొదిగిన బొమ్మల మ్యూజియం. ఎడమచేతికి వచ్చేసరికి నేలకింద సమాధుల సొరంగాలు, బూజాఫర్ బీచి, రేవులో పడవలు.

"ఎనిమిదే అయినాయి. మీ పాప తొమ్మిది అనింది కదా," అని వేళ్లు మళ్లీ విప్పి చూసుకుంది.

తొమ్మిదోది కంతావి రేవని, దానికి బస్సెక్కాలని, అది ఆఖర్న చూడమని మొన్జియా చెప్పింది. అంత దూరం ఎందుకు, ఈ ఎనిమిదీ చాలవా అంది తుర్కియా. చాలవంది మొన్జియా. "ముప్పై ఏళ్లుగా వస్తున్నావు. ఈ ఊళ్లో నువ్వు చూసిందేముంది, నా వంటిల్లూ నా డాబా తప్ప?"

అది నిజం. నిజం కాబట్టే ఆ మాట అంత ధైర్యంగా అనగలిగింది.

ఏటా ఆగస్టు వచ్చేసరికి తుర్కియా కస్రీన్ అవతలి పల్లె నుంచి షేర్ టాక్సీలో దిగేది. రెండు బస్తాల గోధుమ రవ్వ, ఒక డబ్బా ఆలివ్ నూనె, ఎండుమిరపకాయల దండ. వచ్చిన మర్నాడే డాబా ఎక్కి, పెద్ద చెక్కపళ్లెం ముందేసుకుని, రవ్వ మీద నీళ్లు చిలకరిస్తూ అరచేతులతో కుస్కుస్ తిప్పడం మొదలెట్టేది. చెల్లెలింటికి ఏడాదికి సరిపడా తిప్పి, ఆవిరిపట్టి, దుప్పట్ల మీద ఆరబోసి, సంచులకెత్తి, పదోరోజున వెళ్లిపోయేది. సముద్రం డాబా మీంచి కనపడుతూనే ఉండేది. ఎప్పుడైనా తలెత్తి చూసి, "ఎంత నీళ్లే, ఒక్క బిందెడు తాగనీకి పనికిరావు," అనేది.

ఈ ఏడు రావద్దని మొన్జియా కబురు పెట్టింది. నాకు ఒంట్లో బాగాలేదు, కుస్కుస్ కొట్లో కొనుక్కుంటాం అని అక్క కొడుక్కి ఫోన్లో చెప్పింది. చెల్లెలికి ఒంట్లో బాగాలేదని వినగానే తుర్కియా నాలుగు రోజులు ముందే బయల్దేరి వచ్చేసింది. గురువారం సాయంత్రం తలుపు తీసేసరికి గుమ్మంలో బస్తాలు, బస్తాల వెనక అక్క. శనివారం కూతురు ఒల్ఫాని చూసి, ఫాతిహా చదివి సంబంధం ఖాయం చేసుకోవడానికి తూనిస్ నుంచి పెళ్లివారు వస్తున్నారు.

సంబంధం మామూలుది కాదు. ఒల్ఫా బీచి మీది పెద్ద హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తుంది. బ్యాంకు మీటింగుకని వచ్చిన సెలీమ్ అక్కడే చూసి ఇష్టపడ్డాడు. సెలీమ్ తల్లి బేయాది తూనిస్ పక్కన మర్సాలో సముద్రం మీది ఇల్లు. వసంతకాలంలో మొదటిసారి వచ్చి టీ తాగుతూ ఆవిడ ఒక మాట చెప్పింది. అంతకుముందు కొడుక్కి ఒక సంబంధం కుదిరి తప్పిపోయిందట. పిల్ల బంగారం, తండ్రి డాక్టరు. "తీరా చూస్తే తల్లి తరఫున గడ్డం మీద పచ్చబొట్లున్న పల్లెటూరి ముసలమ్మ ఒకావిడ బయటపడింది వదినగారూ. రేపు పెళ్లిలో ఆవిణ్ణి ఏ కుర్చీలో కూర్చోబెట్టను? వచ్చినవాళ్లకి ఎవరని చెప్పను?" అని నవ్వింది. మొన్జియా కూడా నవ్వింది. నవ్వి, మావాళ్లు ఏడు తరాలుగా ఈ ఊరి కోటగోడ లోపలివాళ్లే అంది. ఆ మాట మొగుడు హెదీకి నిజం, తనకి కాదు. హెదీ పోస్టాఫీసులో రిటైరైన మనిషి. పెళ్లాం ముఖం చూసి కార్పెట్ మీది పువ్వులు చూస్తూ కూర్చున్నాడు.

తుర్కియా గడ్డం మీద పచ్చబొట్టు ఉంది. కింది పెదవి నుంచి గడ్డం చివరిదాకా నిట్టనిలువు గీత, దానికి రెండు పక్కలా చుక్కలు. నుదుటి మీద చిన్న కొమ్మ. మొన్జియాకి తొమ్మిదేళ్లప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆవిడ ఊళ్లోకి వస్తే, చెల్లెలికి సూదంటే భయమని తుర్కియా దాన్ని గడ్డివాము వెనక రెండు రోజులు దాచిపెట్టింది. రొట్టె, నీళ్లు మోసుకెళ్లి ఇచ్చింది. తల్లి చేత తన్నులు తినింది. మొన్జియా గడ్డం అందువల్లనే నున్నగా మిగిలింది.

అక్కని ఎక్కడ పెట్టాలా అని గురువారం రాత్రంతా మొన్జియాకి నిద్రపట్టలేదు. పక్కింట్లో పెడితే పక్కింటావిడ నోరు ఊరుకోదు. ఊరికి పంపేస్తే ఎందుకు పంపావని అక్క అడుగుతుంది, చెప్పకపోతే రోగం దాస్తున్నానని ఏడుస్తుంది. దారి చూపించింది ఒల్ఫానే. హోటల్లో దిగినవాళ్లకి ఇచ్చే రంగుల కాగితం ఒకటి బ్యాగులోంచి తీసింది. సూస్‌లో తప్పక చూడవలసినవి అని దాని మీద ఫ్రెంచిలో రాసుంది. "పెద్దమ్మకి ఇవన్నీ చూడమని చెప్పు. నాన్న ఆఫీసువాళ్లు వస్తున్నారు, మగవాళ్లు, ఇల్లు ఇరుకు అను. పొద్దున్న బయల్దేరితే రాత్రి అవుతుంది."

కోటా బజారూ చాల్లే, ఎండ కదా అంది మొన్జియా.

"సొరంగాలు కూడా పెట్టమ్మా," అంది ఒల్ఫా గోళ్లకి రంగు వేసుకుంటూ. "అవి దూరం."

ఆ పిల్ల పుట్టినప్పుడు మొన్జియా నలభై రోజులు జ్వరంతో మంచం దిగలేదు. తన చంటిదాన్ని ఒక రొమ్ముకీ ఒల్ఫాని ఒక రొమ్ముకీ వేసుకుని పాలిచ్చింది తుర్కియా. పాలిచ్చినావిడ తల్లితో సమానమని వాళ్ల మతంలో రాసి ఉంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఒల్ఫాకి కూడా.

శనివారం పొద్దున్నే తుర్కియా తన మంచి బట్ట కట్టుకుంది. ఎర్రటి నేతచీర లాంటిది, భుజాల దగ్గర వెండి పిన్నులు. ఇది వద్దు, నా గౌను వేసుకో అంది మొన్జియా. "ఊరు చూడబోతా ఉంటే పాతగుడ్డలా?" అంది తుర్కియా. ఆవిడ ముఖంలో సంతోషం చూసి మొన్జియా ఇంకేం అనలేకపోయింది. ఒల్ఫా హోటల్ సంచీలో రొట్టె, చేప, నీళ్ల సీసా, ఇరవై దీనార్లు పెట్టి ఇచ్చింది. మొన్జియా జాగ్రత్తలు చెప్పింది. రోడ్డు మధ్యలోంచే రైలు పోతుంది, రెండువైపులా చూడు. బురుజు మెట్లు అరిగిపోయి ఉంటాయి, గోడ పట్టుకో. ఎవడైనా నేను మీ హోటల్లో వంటవాణ్ణి అని పలకరిస్తే మాట్లాడకు, వాళ్లు మోసగాళ్లు. తలమీద గుడ్డ తియ్యకు. "పొద్దుగూకి మగ్రిబ్ నమాజు పిలుపు వినపడేదాకా రాకు. వినపడ్డాక రా."

"నేనేమన్నా చంటిపిల్లనా మే," అని తుర్కియా నవ్వుకుంటూ మెట్లు దిగింది.

ఆవిడ సందు మలుపు తిరిగిన మరుక్షణం నుంచి మొన్జియాకి భయం పట్టుకుంది. మొదట, ఏదో మరిచిపోయానని వెనక్కి వచ్చేస్తుందేమోనని. పది దాటాక, రైలు కింద పడిందేమోనని. పన్నెండింటికి ఎండ తెల్లగా మండుతుంటే బురుజు మెట్ల మీద అక్క బోర్లా పడున్నట్టు కళ్లకి కట్టింది. ఆస్పత్రివాళ్లు సంచీ మీద హోటల్ పేరు చూస్తారు, హోటల్‌కి ఫోన్ చేస్తారు, హోటల్‌వాళ్లు ఇంటికి చేస్తారు, సరిగ్గా బేయా గారు టీ తాగుతున్నప్పుడు ఫోన్ మోగుతుంది. అక్క చచ్చిపోతుందేమోనన్న భయం కంటే ఫోన్ మోగుతుందేమోనన్న భయం ముందు వచ్చింది. అది తనకే తెలిసి, దేవుడా క్షమించు అని నాలుక కరుచుకుంది. ఫోన్ తీగ మాత్రం గోడలోంచి పీకేసింది. అక్క బట్టల మూట మంచం కిందకి తోసింది. డాబా తలుపుకి తాళం వేసింది.

పెళ్లివారు నాలుగున్నరకి వచ్చారు. బేయా, కూతురు దోర్సాఫ్, సెలీమ్, అతని మేనమామ. చేతుల్లో పళ్లేలు, పూలు. ఇంత ఎండలో ఎలా వచ్చారని మొన్జియా కంగారుపడింది. పొద్దున్న రైలుకే వచ్చేశామని, కూతురికి ఈ ఊరు మొదటిసారి కాబట్టి చూసుకుంటూ తిరిగామని బేయా చెప్పింది.

"ఊరా? ఏం చూశారు?" అంది మొన్జియా.

"ఏముంటాయి వదినగారూ, అందరూ చూసేవే. బజారు, కోట. బురుజెక్కితే సముద్రం బ్రహ్మాండంగా ఉందట. నేను ఎక్కలేదు, మోకాళ్లు."

దోర్సాఫ్ అప్పటికే కెమెరా తీసింది. పాతికేళ్లుంటాయి, నల్ల కళ్లద్దాలు జుట్టులోకి తోసుకుంది. "అమ్మా, ఆ అవ్వని చూపించనా? ఒల్ఫా, ఇలా రా, నవ్వి నవ్వి చస్తావు."

కెమెరా చిన్న తెరలో రిబాత్ కోట గుమ్మం. గుమ్మం పక్కన తుర్కియా. చెయ్యి గుండె మీద పెట్టుకుని నవ్వుతోంది. పక్కన ఎర్రగా కాలిన తెల్లవాళ్లు ఇద్దరు ఆమె భుజాల మీద చేతులు వేసి నిలబడ్డారు. వెనక ఇంకో నలుగురు వంతు కోసం చూస్తున్నారు.

"వరసలో నిలబడి మరీ తీయించుకున్నారు," అంది దోర్సాఫ్. "మేం కూడా నిలబడ్డాం. తల ఎత్తు అవ్వా, గడ్డం కనపడాలి అంటే ఎత్తింది. ఇదిగో. చేతులు చూపించు అంటే చూపించింది. కాళ్లు చూడు, పగుళ్లలో గోరింట. ఏదో మాట్లాడుతూనే ఉంది, ఆ యాసలో సగం ఎవరికి అర్థమవుతుంది?"

"గవర్నమెంటువాళ్లు పెట్టి ఉంటారు, జీతానికి," అన్నాడు మేనమామ.

"జీతం ఎందుకు, ఒంటెకిచ్చినట్టు గడ్డి వేస్తే చాలదూ," అంది బేయా. అందరూ నవ్వారు.

మొన్జియా కెమెరా వంక చూస్తోంది. అక్క ముఖం చూడటం లేదు. ఇల్లు పట్టించే వస్తువేదైనా ఫోటోలో ఉందా అని వెతుకుతోంది. ఉంది. మోచేతికి సంచీ వేలాడుతోంది, హోటల్ పేరు పెద్దక్షరాలతో. సరిగ్గా అప్పుడే దోర్సాఫ్ అనేసింది, "చూడు ఒల్ఫా, నీ హోటల్ సంచీ."

ఒల్ఫా వంగి చూసింది. పిల్ల ఏడ్చేస్తుంది, నోరు జారుతుంది, అయిపోయింది అనుకుంది మొన్జియా.

"మా హోటల్ సంచీలు ఊరందరి దగ్గరా ఉంటాయి," అంది ఒల్ఫా. కెమెరా చేతిలోకి తీసుకుని ఇంకో రెండు ఫోటోలు తిప్పింది. "సీజన్లో ఇలాంటివాళ్లు దిగుతుంటారు. డబ్బులిచ్చావా?"

"ఇస్తే తీసుకోలేదు."

"మొదటిసారి తీసుకోరు. అదొక వేషం. ఇంకోసారి ఇవ్వాల్సింది." కెమెరా తిరిగి ఇచ్చేసి, బాదం పళ్లెం బేయా ముందుకి జరిపింది.

మొన్జియా నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. హెదీ లేచి, కిటికీ తలుపు వేసి, మళ్లీ తెరిచి, వచ్చి కూర్చున్నాడు.

ఫాతిహా చదివారు. అరచేతులు ముఖాలకి తుడుచుకున్నారు. బేయా తన చేత్తో ఒల్ఫా వేలికి ఉంగరం తొడిగింది. ఆచారానికని మొన్జియా భోంచేసి వెళ్లండి అంది. వీళ్లంతటివాళ్లు కాదంటారనే నమ్మకంతో అంది. బేయా సోఫాలో వెనక్కి జారగిలి, "మీ ఇంటి కుస్కుస్ తినకుండా వెళ్తే ఎలా వదినగారూ, వాసన ఇందాకట్నుంచీ లాగుతోంది," అంది.

ఏడయింది. ఏడుంపావు అయింది. మొన్జియా వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరుగుతోంది. కిందకి వెళ్లి సందు మొదట్లో అక్కని ఆపుదామని రెండుసార్లు చెప్పులేసుకుంది. రెండుసార్లూ బేయా పిలిచింది, ఒకసారి నిమ్మకాయకి, ఒకసారి ఉప్పుకి. మసీదు మీంచి మగ్రిబ్ పిలుపు మొదలైంది. అది పూర్తి కాకముందే తలుపు తట్టిన చప్పుడైంది. చెప్పిన మాట అక్షరం తప్పకుండా వినడం తుర్కియాకి చిన్నప్పట్నుంచీ అలవాటు.

మొన్జియా చేతిలో పులుసు గిన్నె ఉంది. అది దింపేలోపే ఒల్ఫా లేచి వెళ్లి తలుపు తీసింది. ఒల్ఫా వెనకే దోర్సాఫ్.

గుమ్మంలో తుర్కియా. ముఖం ఎండకి కమిలి పచ్చబొట్టు నల్లబడింది. ఒక చెప్పు చేతిలో ఉంది, ఆ కాలి మడమ బొబ్బ చిట్లి రక్తం. "తొమ్మిదీ..." అని నోరు తెరిచింది. ఒల్ఫా భుజం మీంచి దోర్సాఫ్ ముఖం కనపడింది. నోరు మూసుకుంది.

"ఏం కావాలమ్మా?" అంది ఒల్ఫా.

దారిన పోయేవాళ్లని అడిగినట్టే, మర్యాదగానే అడిగింది. తుర్కియా ఆ పిల్ల వంక చూసింది. తర్వాత హాలు అవతల, పులుసు గిన్నె పట్టుకుని నిలబడ్డ చెల్లెలి వంక చూసింది. మొన్జియా గిన్నెలోకి చూస్తోంది.

"కాసిన్ని నీళ్లు ఇప్పించు తల్లీ," అంది తుర్కియా.

"అమ్మా, ఆ అవ్వే!" అంది దోర్సాఫ్ లోపలికి. "మా వెనకే వచ్చావా అవ్వా? అప్పుడు వద్దన్న దీనారు ఇప్పుడు గుర్తొచ్చిందా?"

ఒల్ఫా నీళ్లు తెచ్చింది. ఒక పళ్లెంలో కుస్కుస్, మీద చేపముక్క పెట్టి తెచ్చింది. ఉంగరం ఉన్న చేత్తోనే ఒక దీనారు తుర్కియా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "ఈ రోజు మా ఇంట్లో శుభకార్యం. మంచి మాట అని వెళ్లు."

దోర్సాఫ్ కెమెరా ఎత్తింది. మా వదిన చెయ్యి ఎంత పెద్దదో మర్సాలో అందరికీ చూపిస్తానంది. ఈసారి ఎవరూ అడగకుండానే తుర్కియా గడ్డం పైకెత్తి నిలబడింది. ఫోటో అయ్యాక, "నిండుగా ఉండు బిడ్డా," అని, పళ్లెం పట్టుకుని కుంటుతూ మెట్లు దిగింది. తలుపు మూసుకుంది.

బేయా ఒల్ఫాని పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. లేనివాళ్లని గుమ్మంలోంచి ఎలా పంపాలో తెలిసిన పిల్ల అంది. నాకు ఇలాంటి కోడలే కావాలంది. ఒల్ఫా తల వంచుకుని నవ్వింది. మొన్జియా కూతురి ముఖంలో ఏదో ఒకటి కనపడుతుందేమోనని, రెప్ప తడిసిందా, పెదవి వణికిందా అని, భోజనమంతసేపూ చూసింది. ఏమీ కనపడలేదు.

తిన్నాక అందరూ నిమ్మ ఐస్‌క్రీమ్‌కని బీచి మీదికి వెళ్లారు, హెదీ దారి చూపించడానికి, ఒల్ఫా సెలీమ్ పక్కన. గిన్నెలు కడుక్కోవాలని మొన్జియా ఉండిపోయింది. వాళ్ల మాటలు సందు చివర వినపడటం ఆగాక మంచం కింద చెయ్యి పెట్టింది.

తుర్కియా పక్క సందులో, మూసిన కొట్టు అరుగు మీద కూర్చునుంది. పళ్లెం ఖాళీ అయింది. చెల్లెలు రావడం చూసింది. చేతిలో తన మూట ఉండటం కూడా చూసింది.

"ఉప్పు తక్కువేసినావు," అని పళ్లెం అందించింది. "నీది ఎప్పుడూ అంతే."

మొన్జియా ఏదేదో చెబుదామనుకుంటూ వచ్చింది. నేను చెయ్యి ఖాళీ చేసుకుని వచ్చేలోపే పిల్ల తలుపు తీసేసింది, పిల్లకి తెలీదు, పిల్ల భయపడింది. తీరా నోటికి వచ్చిన మాట ఇది: "కోట దగ్గర వాళ్లతో ఏం చెప్పావు?"

"ఏం చెప్తాను."

"నా పేరు చెప్పావా? మా ఇల్లు చెప్పావా? గుర్తు తెచ్చుకో అక్కా, ఒక్క మాటైనా."

తుర్కియా మడమ మీది రక్తం కొంగుతో అద్దుకుంది. "పోస్టాఫీసు హెదీ కూతురికి ఉంగరం తొడగనీకి పోతా ఉండామని ఆ పెద్దామె పక్కనోళ్లతో అంటా ఉండె. అప్పుడే తెలిసె నాకు. నువ్వు చెప్పలేదు, ఆమె చెప్పె." కొంగు మడిచి మళ్లీ అద్దుకుంది. "తర్వాత నన్ను అడిగె, ఈ ఊళ్లో నీకెవరుండారవ్వా అని. ఎవురూ లేరమ్మా అంటి. చెల్లెలొకటి ఉండె, చిన్నప్పుడే పోయె అంటి."

మొన్జియా అరుగు మీద అక్క పక్కన కూర్చుంది. చెప్పలేదు. ఏమీ చెప్పలేదు. ఒళ్లంతా తేలికైపోయి, అక్క చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకునే ఉండగా ఇంకో భయం మొదలైంది. రేపు పొద్దున్న కాఫీకి మళ్లీ వస్తామన్నారు.

"తొమ్మిదిన్నరకి ఆఖరి టాక్సీ ఉంది," అంది. "కస్రీన్‌దే. సీటు దొరుకుతుంది. కాలికి అక్కడ డ్రైవరు దగ్గర దూది ఉంటుంది."

తుర్కియా తల ఊపింది. చెయ్యి విడిపించుకుని, మూట చంకన పెట్టుకుని, చిట్లిన కాలికి చెప్పు తొడగడానికి ఒకసారి ప్రయత్నించి, మళ్లీ చేత్తోనే పట్టుకుంది. పెళ్లి అక్టోబరులో అని, ఆ రోజుల్లో వానలకి కస్రీన్ రోడ్డు తెగిపోతుందని మొన్జియా చెబుతోంది. తుర్కియా వింటున్నట్టే ఉంది. లేచి, తనకి తెలిసిన దారిలో, సముద్రం వైపు నడవబోయింది.

"అటు కాదక్కా," అంది మొన్జియా గొంతు తగ్గించి. "వాళ్లు బీచి మీదున్నారు. ఇటు."

ఇటువైపు దారి చుట్టు, అన్నీ మెట్లు. తుర్కియా వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కడం మొదలెట్టింది. ఆవిడ పై మలుపు తిరిగేదాకా మొన్జియా కదల్లేదు. వెనక్కి తిరిగి, చెల్లెల్ని పేరుపెట్టి, ఊరందరికీ వినపడేలా పిలుస్తుందేమోనని పళ్లెం గుండెకి అదుముకుని కింద నిలబడి చూసింది.